శుక్రవారం ఎర్రగా ఉన్న క్యాలెండర్

గురువారం సాయంత్రమైతే చాలు, నాకు ఇప్పటికీ చేతిలో పని సాగదు. కాకినాడలో మా వీధి మామూలు గురువారంలోనే ఉంటుంది. కొట్లవాళ్ళు రేపటి సరుకు చూసుకుంటుంటారు, పిల్లలు రేపటి బడికి హోంవర్కు రాసుకుంటుంటారు. నా ఒక్కడికే రేపు సెలవన్నట్టు ఒళ్ళు తేలికవుతుంది. దుబాయ్‌లో నేనున్నది 2002 నవంబరు నుంచి 2009 మార్చి దాకా. వచ్చేసి పదిహేనేళ్ళు దాటింది. అక్కడి ఎండ ఒంటి మీద నుంచి ఎప్పుడో దిగిపోయింది గాని, అక్కడి వారం మాత్రం దిగలేదు.

అప్పట్లో అక్కడ వారం శనివారంతో మొదలయ్యేది. మాకు గురువారం ఒంటిగంట దాకా పని, శుక్రవారం సెలవు. కొత్తగా దిగినవాళ్ళకు రోజులు తారుమారయ్యేవి కాబట్టి మా గదిలో ఒక లెక్క ఉండేది. శుక్రవారమంటే మన ఆదివారం. శనివారం సోమవారం. ఆదివారం మంగళవారం. "ఈ రోజు ఆదివారం, అనగా మంగళవారం" అని నెల్లూరు మామ పొద్దున్నే పంచాంగం చదివినట్టు చెప్పేవాడు. 2006 సెప్టెంబరులో ప్రభుత్వం తన కార్యాలయాలకూ బడులకూ సెలవులను శుక్ర, శనివారాలకు మార్చింది. మా కంపెనీ ఆ మార్పులో సగాన్ని శ్రద్ధగా పాటించింది. గురువారం ఒంటిపూటను రెండుపూటలు చేసింది, శనివారం సంగతి మరిచిపోయింది.

మేము దుబాయ్‌లో కరామా అనే పేటలో మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటులో ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం. అక్కడ గది అద్దెకు తీసుకోరు, మంచం తీసుకుంటారు. దాన్ని బెడ్‌స్పేస్ అంటారు. నాది కిటికీ పక్కన పై మంచం. పడుకుంటే ఏసీ గాలి సూటిగా నుదుటికి తగిలేది. బీరువాలో ఒక అర, మంచం కింద ఒక పెట్టె, వంటింట్లో ఒక డబ్బా, అంతే నా సంసారం. అసలు పేర్లు వీసా మీద తప్ప ఎక్కడా వాడేవాళ్ళం కాదు. నెల్లూరు మామ మా అందరికంటే ముందు వచ్చినవాడు, ఇనుప సామాన్ల దుకాణంలో స్టోర్‌కీపరు. కడప భాయి సత్వాలో దర్జీ. జగిత్యాల తమ్ముడు వ్యాన్ డ్రైవరు. భీమవరం బావ ఏం పనిచేసేవాడో ఆర్నెల్లకొకసారి మారుతుండేది. నేను దేరాలో ఒక ట్రేడింగ్ కంపెనీలో లెక్కలు రాసేవాణ్ణి, అందుకని నన్ను "కాకినాడ మేస్టారు" అనేవాళ్ళు. బడి మొహం చూసి ఎన్నేళ్ళయిందో!

శుక్రవారం సెలవు గనక అందరూ తొమ్మిది దాకా పడుకునేవాళ్ళు. నేను ఐదున్నరకే లేచేవాణ్ణి. కారణం ఇండియా మాకంటే గంటన్నర ముందుండటం. మా అమ్మాయి ఎనిమిదింటికి బడికి బయలుదేరుతుంది, అంటే నా ఆరున్నరకు. ఆలోపల ఫోను చేయాలి. చీకట్లో తడుముకుంటూ మంచం దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాణ్ణి. వీధి మూలన ఫోను బూత్. కార్డు వెనక బూడిదరంగు పట్టీని పావు దిర్హాము నాణెంతో గీకితే అంకెలు బయటపడేవి. అవన్నీ నొక్కి, తరువాత ఇంటి నంబరు నొక్కాలి. మధ్యలో ఒక్క అంకె తప్పితే మళ్ళీ మొదటికి.

అటు ఫోను తీసేసరికి ఇల్లంతా బడి హడావుడి. నోట్లో ఇడ్లీ ముక్కతో "నాన్నా" అనేది. "అమ్మ జడ వేస్తోంది నాన్నా, తల తిప్పితే లాగుతోంది" అనేది. వెనక నుంచి మా ఆవిడ "బూట్లు ఎక్కడ పెట్టావే" అని కేకేసేది. రిక్షా గంట వినిపించేది. కార్డులో ఇంకా నిమిషాలు మిగిలే ఉండేవి, పిల్ల మాత్రం ఉండేది కాదు.

ఆదివారం చేయవచ్చు కదా అని అందరూ అడిగేవాళ్ళు. ఆదివారం నాకు మంగళవారం. పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది, అలా రెండు పూటల డ్యూటీ. ఎనిమిదింటికి బయటపడేసరికి అక్కడ తొమ్మిదిన్నర, పిల్ల నిద్రపోయేది. మధ్యాహ్నం విరామంలో చేద్దామంటే ఆ మూడు గంటల్లో బస్సులో గదికి వచ్చి, తిని, కునుకు తీసి మళ్ళీ బస్సెక్కాలి. చేసినా బయట ఆడుకుంటోందనేవారు. ఇక శుక్రవారం సాయంత్రం లైను దొరికేది కాదు, ఊరు ఊరంతా అప్పుడే ఇళ్ళకు ఫోన్లు చేసేది. అలా ఒక ఇంటికి రెండు ఆదివారాలు పడ్డాయి. నాకు సెలవైన రోజు తనకు బడి, తనకు సెలవైన రోజు నాకు పద్దులు. ఆ ఆరేళ్ళలో మా అమ్మాయి ఫోనులో తీరికగా మాట్లాడగా నేను వినలేదు.

ఫోను పెట్టేసి పైకి వచ్చేసరికి స్నానాల గది ఖాళీగా ఉండేది. పొద్దున్నే లేచినందుకు దక్కే లాభం అదొక్కటే. వేసవిలో అది చిన్న లాభం కాదు. మే నుంచి అక్టోబరు దాకా డాబా మీద ట్యాంకులో నీళ్ళు కాగి ఉండేవి. చల్లనీళ్ళ కుళాయి తిప్పితే చేయి చురుక్కుమనేది. వచ్చిన మొదటి వేసవిలో నేను ఒళ్ళంతా ఎర్రబడి బయటికి వస్తే నెల్లూరు మామ నవ్వి, రహస్యం చెప్పాడు. ఎండలు ముదరగానే గీజరు స్విచ్చి ఆపేయాలట. గీజరు ఇంటి లోపల, ఏసీ నీడన ఉంటుంది. అందులో నిలవున్న నీళ్ళు రాత్రంతా చల్లబడతాయి. అప్పుడు ఎర్ర గుర్తున్న కుళాయిలో చల్లనీళ్ళు వస్తాయి, నీలం గుర్తున్న దాంట్లో మరిగే నీళ్ళు. ఆ ఊళ్ళో రోజుల్లాగే కుళాయిలూ తిరగబడి ఉండేవి.

అయితే గీజరులో పట్టేది మూడు నాలుగు బకెట్లు, మేము ఎనిమిది మందిమి. మొదట వెళ్ళినవాడు సుఖపడేవాడు, ఐదోవాడు నీలం కుళాయి పాలయ్యేవాడు. మనిషికి అర బకెట్టే అని ఒక చట్టం చేసుకున్నాం. భీమవరం బావ దాన్ని ఒక్కనాడూ పాటించలేదు. ఒకసారి కొత్తగా వచ్చిన కుర్రాడు దీపం అనుకుని గీజరు స్విచ్చి నొక్కి పడుకున్నాడు. తెల్లారి వాడి కోసం ఏడుగురం తువ్వాళ్ళు కట్టుకుని వెతికాం.

వారం మార్చి వారం నెల్లూరు మామతో చేపలకు వెళ్ళేవాణ్ణి. చేపలు కొనే హక్కు ఆయనది, సంచి మోసే హక్కు నాది. బస్సులో గుబైబా దాకా వెళ్ళి, అక్కడి నుంచి అబ్రా ఎక్కేవాళ్ళం. అబ్రా అంటే క్రీక్, అనగా ఊరి మధ్యకు వచ్చిన సముద్రపు పాయ, దాటించే కొయ్య పడవ. నడుమ డీజిలు ఇంజను, దాని చుట్టూ వీపులు కలిపి కూర్చునే బల్లలు, ఇరవై మంది పడతారు. వెళ్ళిన కొత్తలో 50 ఫిల్సులు, అంటే అర దిర్హాము తీసుకునేవారు, తరువాత దిర్హాము చేశారు. ఆ పెంపు మీద నెల్లూరు మామ కోపం నేను వచ్చేసే నాటికీ చల్లారలేదు. అవతలి ఒడ్డున ఇరాన్ వెళ్ళే పెద్ద కొయ్య ఓడలు వరసగా కట్టి ఉండేవి. వాటి పక్కన గట్టు మీద టైర్లు, ఫ్రిజ్‌లు, పరుపులు గుట్టలుగా పోసి ఉండేవి. కాపలా ఎవరూ కనిపించేవారు కాదు.

మసాలా దినుసుల బజారు దాటి, బంగారు బజారు మూసిన తలుపుల ముందు నుంచి నడిచి, చేపల మార్కెట్టుకు చేరేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయేది. ఆగస్టులో అయితే ఎండ కంటే ఉక్క ఎక్కువ. ఏసీ బస్సు దిగగానే కళ్ళజోడు ఆవిరి పట్టి ఊరంతా తెల్లగా మాయమయ్యేది. తుడుచుకుని పెట్టుకుంటే మళ్ళీ పట్టేది. కొత్తవాళ్ళు తుడుస్తారు, పాతవాళ్ళు ఊరుకుని నిలబడతారు.

మార్కెట్టులో మా వంజరం "కనద్" అయ్యేది. షేరి, హమ్మూర్, ఇంకా నేను పేరు నేర్చుకోని రంగుల చేపలు మంచు మీద ఉండేవి. మామ ఎవరి మాటా నమ్మేవాడు కాదు. మొప్ప ఎత్తి చూసేవాడు, వేలితో నొక్కి గుంట నిలుస్తుందా అని చూసేవాడు. బేరం అరబ్బీ అంకెల్లో మొదలై, హిందీలో ముదిరి, మలయాళంలో తెగేది. తిట్టుకోవాల్సి వస్తే తెలుగు మా ఇద్దరి మధ్య భద్రంగా ఉండేది. కొన్నాక శుభ్రం చేసేవాళ్ళ వరస వేరే. అక్కడ వరుసగా నిలబడి కత్తులు ఆడిస్తుంటారు. మామ వాళ్ళ నెత్తిన నిలబడి "తల పారేయకు, తల పారేయకు" అని ఏ భాషలోనో అరిచేవాడు. తిరుగు పడవలో సంచి నుంచి నీళ్ళు కారి ఎవరి ప్యాంటు మీదో పడేవి.

పులుసు దగ్గర ప్రతిసారీ యుద్ధమే. నెల్లూరు మామ పచ్చి మామిడికాయ ముక్కలు వేయనిదే చేపల పులుసు కాదనేవాడు. మామిడికాయ వేస్తే అది పప్పు అవుతుందని భీమవరం బావ. చింతపండు ఉండగా ఇంకొక పులుపు ఎందుకని నేను. ఇవన్నీ వింటూ జగిత్యాల తమ్ముడు గరిటె తీసుకుని ఇంకో రెండు చెంచాల కారం వేసి, మాట్లాడకుండా వెళ్ళి కూర్చునేవాడు. ఆ కారం ఊరి నుంచి వచ్చినవాళ్ళ పెట్టెల్లో వచ్చింది, కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్ళు. అన్నంలోకి పులుసు, కూజా నిండా లబన్, అంటే అక్కడి మజ్జిగ. గోంగూర దొరికిన వారం మాకు పండగే. దొరకని వారాలే ఎక్కువ.

పులుసు దిగినా పళ్ళాలు పెట్టేవాళ్ళం కాదు, కడప భాయి నమాజు నుంచి రావాలి. శుక్రవారం మధ్యాహ్నం ఊరు ఉన్నట్టుండి ఆగిపోయేది. దుకాణాల షట్టర్లు వరసగా దిగేవి. మసీదు లోపల చోటు చాలక జనం పేవ్‌మెంటు మీదికి, కార్ల మధ్యకి వచ్చి చాపలూ అట్టముక్కలూ పరుచుకునేవారు. మా కిటికీ నుంచి చూస్తే వందల వీపులు ఒక్కసారిగా వంగేవి. వేసవిలో భాయి నమాజు ముగించుకుని కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ వచ్చేవాడు, ఎండలో విడిచిన చెప్పులు పెనం మీద రొట్టెల్లా కాలేవి. ఆయన చేతులు కడుక్కుని కూర్చోగానే శుక్రవారం పత్రిక నాలుగు మడతలు విప్పి నేల మీద పరిచేవాళ్ళం. ఆ రోజు పత్రిక దళసరిగా ఉండేది, ప్రకటనలెక్కువ. ఎనిమిది మందికీ సరిపోయేది. తిన్నాక సాయంత్రం ఐదు దాకా ఆ ఫ్లాటులో ఏసీ శబ్దం, ఎనిమిది రకాల గురకలు.

ఎండ వాలాక డబ్బు పంపే కౌంటరు. అక్కడి బల్ల మీద ఆనాటి రేటు రాసి ఉండేది. నేను వెళ్ళిన కొత్తలో దిర్హాముకు 13 రూపాయల చుట్టూ వచ్చేవి. 2008 మొదట్లో 11 కంటే కిందికి దిగిపోయింది. దిర్హాము డాలరుకు కట్టేసి ఉంటుంది గనక డాలరు పడితే మేమూ పడేవాళ్ళం. రూపాయి బలపడిందన్న వార్త చదివి దిగులుపడే దేశభక్తులం మేమేనేమో.

ఆ తరువాత దేరాలో నాసర్ స్క్వేర్. మెట్రో కోసం తవ్వక ముందు అక్కడ పచ్చిక ఉండేది. మన వాళ్ళు ఊళ్ళ వారీగా గుంపులు కట్టి కూర్చునేవారు. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి బోరు పడలేదు, ఎవరు కల్లివెల్లి అయ్యారు, అన్నీ అక్కడే తెలిసేవి. కల్లివెల్లి అంటే కంపెనీ వదిలి చెప్పాపెట్టకుండా బయటికి వచ్చేసినవాడు. అరబ్బీలో "పోనీలే" అనే మాట అది. మన పల్లెల్లో ఒక మనిషి బతుకు పరిస్థితికే పేరైపోయింది.

2004 వేసవిలో ఒక శుక్రవారం జగిత్యాల తమ్ముడు వాళ్ళ అన్నను చూడటానికి నన్ను కూలీల క్యాంపులుండే సోనాపూర్ తీసుకెళ్ళాడు. కాగితాల మీద ఆ ప్రాంతం పేరు ముహైస్నా. సోనాపూర్ అంటే బంగారు ఊరు. పెట్టినవాడికి వెటకారం బాగా తెలిసినట్టుంది. క్యాంపు వసారా పొడుగునా కమ్మీల మీద నీలం రంగు పని దుస్తులు ఆరేసి ఉన్నాయి. ఉప్పు చారలు కట్టి, ఎండకు ఎంత బిరుసెక్కాయంటే లోపల మనిషి లేకుండానే నిలబడేటట్టున్నాయి. గదిలో పన్నెండు మంచాలు. ఒక్కొక్క మంచానికి ఒక్కొక్క చీర తెరగా కట్టి ఉంది, ఇంటి నుంచి తెచ్చుకున్న పాత చీరలు. తమ్ముడి అన్న మాకు టీ ఇచ్చి, తనకు గ్లాసు లేక డబ్బా మూతలో పోసుకున్నాడు. మధ్యాహ్నం ఎండలో పని ఎలా చేస్తారని అడిగాను. "దాని గురించి ఆలోచించకుండా చేస్తాం" అన్నాడు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదన్న నిబంధన ఆ మరుసటి ఏడాది, 2005లో వచ్చింది. ఇప్పుడది జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా, మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు. ఆ రాత్రి గదికి వచ్చాక నేను గీజరు నీళ్ళ గురించి నెలరోజులు ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. తరువాత మామూలే.

క్యాలెండర్ సంగతి చెప్పాలి. 2005 జనవరిలో సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు కరామా కిరాణా కొట్టు వాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ పెట్టెలో పెట్టుకెళ్ళాను. వెంకటేశ్వరస్వామి బొమ్మ, కింద అంకెలు. అక్కడి క్యాలెండర్ కాబట్టి శుక్రవారాలు ఎర్రగా ఉండేవి. నాన్నకు ఎప్పుడు సెలవో తెలుస్తుందని మా ఆవిడ దాన్ని మా తెలుగు క్యాలెండర్ పక్కనే వంటింట్లో తగిలించింది. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాక ఒక శుక్రవారం పొద్దున జడ వేయించుకోకుండా వచ్చి ఆ క్యాలెండర్ కింద నిలబడింది. "ఈ రోజు ఎర్రగా ఉంది, నేను బడికి వెళ్ళను" అంది.

"అది నాన్న క్యాలెండరే" అంది మా ఆవిడ.

"నాన్న ఇక్కడే ఉన్నాడు కదా" అంది.

ఈ వాదనకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. నేను బడికి పంపవద్దన్నాను. మా ఆవిడకు నచ్చలేదు, రిక్షా అతన్ని వెనక్కి పంపించి, గిన్నెలు కాస్త గట్టిగా తోమింది. మేమిద్దరం వీధి అరుగు మీద కూర్చున్నాం. వాళ్ళ బడి వెనక ఒక పిల్లి ఉందట. తోక సగమే ఉందట. మిగతా సగం ఏమైందన్న విషయం మీద క్లాసులో మూడు అభిప్రాయాలున్నాయట. వాటిలో రెండోది పూర్తయ్యేసరికి గంట పదయింది. మధ్యలో లేచి మంచినీళ్ళు తాగి వచ్చింది, మొదటి అభిప్రాయంలో ఒక ముఖ్యమైన సంగతి మరిచిపోయానని మళ్ళీ అక్కడి నుంచి మొదలుపెట్టింది. నా చేతిలో కార్డు లేదు, నిమిషాలు తరిగిపోవడం లేదు. ఆ పిల్లి తోక గురించి నాకు తెలిసినంత ఈ కాకినాడలో ఇంకెవరికీ తెలియదు.

2008 చివర్లో ఆర్థిక మాంద్యం వచ్చి దుబాయ్‌లో క్రేన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా కంపెనీలో లెక్కలు రాయడానికి లెక్కలే మిగల్లేదు. 2009 సెప్టెంబరులో మెట్రో మొదలైంది, నేను ఆ మార్చిలోనే వచ్చేశాను. నెల్లూరు మామ ఊరికి వచ్చి రొయ్యల చెరువు పెట్టాడు. భీమవరం బావ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. తనకు నచ్చినప్పుడు ఎక్కడో ఒకచోట పూర్తి బకెట్టుతో స్నానం చేస్తూ ఉంటాడు.

జగిత్యాల తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. వ్యాన్ వదిలేసి ఒక గోదాములో సూపర్‌వైజరయ్యాడు. 2022 జనవరి నుంచి ఆ దేశంలో ప్రభుత్వ సెలవులు శని, ఆదివారాలయ్యాయి, శుక్రవారం ఒంటిపూట. వాళ్ళ కంపెనీ కూడా ఆదివారానికి మారిందట. ఆ ఏడాది ఆగస్టులో ఒక ఆదివారం ఫోను చేశాడు. ఇప్పుడు కార్డులు గీకే పని లేదు, మొహం కూడా కనిపిస్తుంది. తలంతా తడిగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమిటి తమ్ముడూ, స్నానం నీలం కుళాయితోనా?"

"రాత్రి గీజరు ఆపడం మరిచిపోయాను అన్నా. ఇన్నేళ్ళయినా."

ఏం వండావని అడిగాను. చేపల పులుసట. మామిడికాయ వేశావా అంటే నవ్వాడు. మామ ఎలా ఉన్నాడని అడిగాడు. చెరువు సంగతులు చెబుతుండగానే "అన్నా, ఒక్క నిమిషం" అని తెర వంక చూశాడు. "ఇంటి నుంచి చేస్తున్నారన్నా. ఈ రోజు పిల్లలు ఇంట్లోనే ఉన్నారు. నేను మళ్ళీ చేస్తాను" అని పెట్టేశాడు.

ఆ రోజు మళ్ళీ చేయలేదు.